పియానో సర్వీసు రికార్డు ఎలా రాసుకుంటున్నారు, రిమైండర్ ఎప్పుడు పంపుతున్నారు?

కొత్తలివర్:

అందరికీ నమస్కారం. సొంతంగా పియానో ట్యూనింగ్ మొదలుపెట్టి మూడేళ్లయింది నాకు. చెవి పర్వాలేదు, చెయ్యి కూడా మెల్లగా కుదురుకుంటోంది, లెక్కాపత్రం దగ్గరే పరువు పోతోంది. ఇప్పటికి 140 దాకా పియానోలు చూసి ఉంటాను. వాటి వివరాలు మాత్రం నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. ఫోన్ కాంటాక్ట్‌లో పేరు పక్కన "అప్‌రైట్, కుడి పెడల్ కిర్రు" అని ఒక ముక్క (అప్‌రైట్ అంటే గోడకి ఆనించి పెట్టే నిలువు పియానో), క్యాలెండర్‌లో తేదీ, వాట్సాప్‌లో ఫొటోలు, బ్యాగులో ఒక నోట్‌బుక్. ఆ నోట్‌బుక్‌లో సగం పేజీలు ఇప్పుడు నాకే అర్థం కావట్లేదు.

ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను గానీ పోయిన నెలలో రెండు సంగతులు జరిగాయి. ఒక ఇంట్లో ఏళ్ల తరబడి ముట్టని పియానో ఉంటే, పిచ్ (స్వరం ఎత్తు) బాగా దిగిపోయి ఉంది, పైకి లాగి ట్యూన్ చేసి, "ఇది మళ్లీ కొంచెం జారుతుందండి, రెండు నెలల్లో నేనే ఫోన్ చేసి వస్తాను" అని చెప్పి వచ్చాను. ఎక్కడా రాసుకోలేదు, మర్చిపోయాను. 14 నెలల తర్వాత వాళ్లే ఫోన్ చేశారు, "మీరు చేస్తానన్నారు కదా అని చూస్తున్నాం" అని. కోప్పడినా బాగుండేది, చాలా మర్యాదగా అడిగారు, ఇంకా సిగ్గేసింది. ఆ కంగారులో రెండో తప్పు చేశాను. ఆర్నెల్లు దాటాయనుకున్నవాళ్లందరికీ ఒకే మెసేజ్ ఒకే రాత్రి కొట్టేశాను. అందులో ఒకరు పియానో అమ్మేసి ఏడాదైందట, ఇంకొకరింటికి మూడు వారాల ముందే నేనే వెళ్లి చేసొచ్చాను, మరొకరు మాట్లాడకుండా నన్ను బ్లాక్ చేశారు.

కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పని అయ్యాక అసలు ఏం రాసుకుంటారు, ఎంత రాసుకుంటారు? అందరికీ ఆర్నెల్లకోసారి అనే లెక్క సరైనదేనా? ఎందుకంటే కొన్ని పియానోలు ఏడాది తర్వాత వెళ్లినా దాదాపు పెట్టింది పెట్టినట్టే ఉంటున్నాయి, కొన్ని రెండు నెలలకే ఏడుస్తున్నాయి. రిమైండర్ పంపితే వ్యాపారం కోసం వెంటపడుతున్నాడు అనుకోకుండా ఎలా పంపాలి? యాప్ కొనమంటారా, పుస్తకం చాలంటారా?

పాతపిన్ను:

బాధపడకండి, ఈ పనిలో ఉన్న ప్రతివాడూ ఏదో ఒక పియానోని అలా మర్చిపోయినవాడే. నాకు ఈ పనిలో 26 ఏళ్లు, అందులో మొదటి పదేళ్లూ అచ్చం మీలాగే.

యాప్ సంగతి తర్వాత. ముందు రికార్డుని కస్టమర్ పేరు మీద కాకుండా పియానో పేరు మీద పెట్టండి. మనుషులు ఇళ్లు మారతారు, పియానో అమ్మేస్తారు, చుట్టాలకిచ్చేస్తారు. ఇనప ఫ్రేము మీదున్న సీరియల్ నంబరు మాత్రం ఎక్కడికెళ్లినా అదే. అప్‌రైట్ అయితే పై మూత ఎత్తితే చాలా వాటిలో కనిపిస్తుంది, గ్రాండ్ (తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానో) అయితే ట్యూనింగ్ పిన్నుల (తీగలు చుట్టి బిగించే మేకుల) చుట్టుపక్కల చూడండి. ఫొటో తీసి కంపెనీ, మోడల్, నంబరు రాసేయండి, పేరున్న కంపెనీలైతే నంబరును బట్టి తయారైన ఏడాది కూడా తెలుస్తుంది. ఆ తర్వాత, ఇప్పుడు అది ఎవరి దగ్గరుంది, వాయించేదెవరు, తలుపు తీసేదెవరు, డబ్బిచ్చేదెవరు. అన్నీ ఒకరే అనుకుంటాం. నా దగ్గర ఒక పియానో ఉంది, వాయించేది మనవరాలు, తలుపు తీసేది తాతగారు, డబ్బు పంపేది వేరే దేశంలో ఉన్న కొడుకు. రిమైండర్ కొడుక్కి పంపితే చూడడు, తాతగారికి పంపితే ఆయన ఫోన్‌లో మెసేజ్ తెరవడం రాదు, మనవరాలికి పంపితే ఆ సాయంత్రమే నాకు ఫోన్ వస్తుంది. అది కనుక్కోడానికి నాకు రెండేళ్లు పట్టింది, మీరు మొదటి రోజే అడిగి రాసుకోండి.

ఇక ప్రతిసారీ రాయాల్సినవాటిలో నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది, లివర్ (పిన్నులు తిప్పే పనిముట్టు) పెట్టకముందు ఉన్న పిచ్. "ట్యూన్ చేశాను, ఏ4 440" అని రాస్తే (ఏ4 అంటే కీబోర్డు మధ్యలో ఉండే 'ఏ' అనే స్వరం, 440 హెర్ట్జ్‌కి పెడతాం) అది బిల్లుకి పనికొస్తుంది, మనకేమీ చెప్పదు. పని అయ్యాక 440 దగ్గరే ఉంటుంది కదా, అందుకే గదా వెళ్లింది! మనం వెళ్లేసరికి ఎక్కడుంది అన్నదే అసలు కథ. 440కి ఎన్ని సెంట్లు పైన, ఎన్ని సెంట్లు కింద (కొత్తగా చదివేవాళ్ల కోసం, పక్కపక్క కీల మధ్య ఎడం 100 సెంట్లు). అది కూడా ఏ4 ఒక్కటే చూస్తే చాలదు. నేను అయిదు చోట్ల చూస్తాను. బాస్‌లో (ఎడమ చివరి బరువైన స్వరాల్లో) ఒకటి, రాగి చుట్టిన తీగలు అయిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోట ఒకటి, ఏ4, దానికి పై ఆక్టేవ్‌లో ఒకటి, చివరి ఆక్టేవ్‌లో ఒకటి. రెండు నిమిషాల పని. వాటి పక్కన గదిలో తేమ, ఉష్ణోగ్రత. చిన్న హైగ్రోమీటర్ ఒకటి బ్యాగులోంచి ముందుగా తీసి పియానో దగ్గర పెట్టేస్తాను, పనిముట్లు సర్దుకునేలోపు అది కుదురుకుంటుంది.

ఇంత ఎందుకంటే, తేమ వల్ల వచ్చే మార్పుకి ఒక తీరు ఉంటుంది. సౌండ్‌బోర్డు (తీగల ధ్వనిని పెంచే పల్చటి పలక) చెక్క తేమ పీల్చి ఉబ్బితే దాని వంపు పెరుగుతుంది, బ్రిడ్జి (దాని మీద తీగలు ఆనే చెక్క పట్టీ) తీగల్ని పైకి నెడుతుంది, తీగలు బిగుసుకుని పిచ్ పెరుగుతుంది. గాలి పొడిబారితే ఇదంతా తిరగబడుతుంది. అయితే కీబోర్డంతా ఒకేలా జరగదు, ఆ ఉక్కు తీగలు మొదలయ్యే టెనర్ భాగం ఎక్కువగా ఊగుతుంది, మిగతా చోట్ల తక్కువ. నాలుగైదు సార్ల అంకెలు పక్కపక్కన పెడితే ఆ తీరు కళ్లకి కడుతుంది. అదే పిన్ను వదులైతే ఈ తీరు ఉండదు. ఒక్కో తీగ విడిగా జారుతుంది, ఎప్పుడు చూసినా కిందికే, గాలి తడిగా ఉన్నా పొడిగా ఉన్నా.

ఒక అప్‌రైట్ నన్ను మూడేళ్లు ఏడిపించింది. వెళ్లిన ప్రతిసారీ మధ్యలో కొన్ని నోట్లు పాడై ఉండేవి, ఆ ఇంటావిడ పైకి అనకపోయినా నా పని మీద నమ్మకం పోయిందని నాకు తెలుస్తూనే ఉంది. నేనేమో ప్రతిసారీ "తేమండి, ఏం చేస్తాం" అని చెప్పి వస్తున్నాను. ఒక రాత్రి కూర్చుని పాత కాగితాలన్నీ ముందేసుకుంటే అప్పుడు కనిపించింది. ఒకసారి తేమ 62 శాతం, ఇంకోసారి 41 శాతం, అయినా దిగిపోయినవి అవే ఏడు తీగలు. మరుసటిసారి వెళ్లి ఆ ఏడు పిన్నులూ చేత్తో చూస్తే వెన్నలో గుచ్చినట్టు తిరుగుతున్నాయి. ఒక సైజు పెద్ద పిన్నులు వేశాక గొడవ వదిలింది. అంకెలు రాసి ఉండకపోతే నేను ఇప్పటికీ గాలిని తిట్టుకుంటూనే ఉండేవాణ్ని.

మిగతావి చప్పున చెప్తాను. తీగ మారిస్తే ఏ నోటు, ఏ గేజు (తీగ మందం) అన్నది రాయండి, కొత్త తీగ సాగుతుంది కాబట్టి మళ్లీ ఎప్పుడు వచ్చి లాగుతారో కూడా. రెగ్యులేషన్ (లోపలి కదిలే భాగాల కొలతలు సరిచేయడం) చేస్తే కీ ఎంత లోతు దిగుతోంది (10 మిల్లీమీటర్ల దగ్గర), తీగని కొట్టే హ్యామర్ తీగకి ఎంత దూరంలో ఉంది (45 దగ్గర) అని ముందు అంకె, తర్వాత అంకె. చేయనివి కూడా రాయండి, ఇది అందరూ వదిలేస్తారు. "హ్యామర్లు గాడి పడ్డాయి, చెప్పాను, ఇప్పుడొద్దన్నారు" అని తేదీతో సహా. రెండేళ్ల తర్వాత "మీరెప్పుడూ చెప్పలేదే" అన్నప్పుడు గొడవపడాల్సిన పని ఉండదు.

రిమైండర్ విషయానికొస్తే, అందరికీ ఆర్నెల్లు అన్న లెక్క మొదలుపెట్టడానికి మంచిదే, అక్కడే ఆగిపోకూడదు. కొత్త పియానోకి మొదటి ఏడాది నాలుగుసార్లు, తర్వాత ఏడాదికి రెండుసార్లు అని చాలామంది తయారీదారులే చెప్తారు, ఎందుకంటే కొత్త తీగలు ఇంకా సాగుతూ ఉంటాయి. మీరు చెప్పిన ఆ ముట్టని పియానో లాంటిదైతే రెండు నెలలు దాటనివ్వకూడదు, నేను నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య వెళ్తాను. పెద్ద పియానోలో 230 దాకా తీగలు, అన్నీ కలిపి ఫ్రేము మీద 18 టన్నుల పైచిలుకు లాగుడు, దాన్ని ఒక్క పూటలో మార్చేస్తే ఎలా నిలబడుతుంది? ఒక వైపు లాగుతుంటే ముందు లాగినవి దిగుతుంటాయి, అందుకే గదా కావాల్సినదానికన్నా కాస్త ఎక్కువకి లాగి వదులుతాం.

ఏది ఎప్పుడు అన్నది పని అయిపోయి, మూత వేయకముందే, అక్కడే నిలబడి రాసేయండి. తేదీ, పక్కనే కారణం. "ఆరు వారాలు, పిచ్ పెంచినందుకు." "ఏడాది, కదలట్లేదు." ఇంటికెళ్లి రాద్దాం అనుకుంటే అది ఎప్పటికీ రాయరు. నా దగ్గర రుజువులున్నాయి.

కార్డుపెట్టె:

పాతపిన్నుగారు చెప్పినదానికి ఎదురు చెప్పేది ఏమీ లేదు, ఒక్క మాట మాత్రం. ఇదంతా వినగానే కంప్యూటర్ తెరవక్కర్లేదు. నా దగ్గర ఇప్పటికీ అట్టకార్డులే. పియానోకి ఒక కార్డు, పెట్టెలో నెలకొకటి చొప్పున పన్నెండు అరలు. పని అయ్యాక కార్డు మీద రాసి, మళ్లీ ఏ నెలలో వెళ్లాలో ఆ అరలో పడేస్తాను. నెల మొదట్లో ఆ అర తీస్తే ఎవరెవరికి ఫోన్ చేయాలో చేతిలో ఉంటుంది. ఛార్జింగ్ అయిపోదు, పాస్‌వర్డ్ మర్చిపోను, నెలనెలా చందా లేదు. పెన్సిల్‌తోనే రాయండి, ఇంకు చెమటకి అలుక్కుపోతుంది.

ఇంకొక కార్డు పియానో లోపల పెట్టి వస్తాను, అప్‌రైట్ అయితే పై మూత కింద. తేదీ, ఎక్కడుంది, ఎక్కడికి తెచ్చాను, తేమ ఎంత, సంతకం. రేపు ఆ ఇంటికి నేను కాకుండా ఇంకెవరో వెళ్లినా వాళ్లకి పనికొస్తుంది. పాత ట్యూనర్లు మొదటి కీ పక్క చెక్క మీదో ఫ్రేము మీదో తేదీ వేసి సంతకం పెట్టేవాళ్లు, అదీ రికార్డే.

లోపం ఒకటుంది, దాచను. పెట్టె పోతే అన్నీ పోయినట్టే. అందుకని మూడు నెలలకోసారి కార్డులన్నీ ఫొటోలు తీయిస్తాను, మా అమ్మాయి చేత.

వరుసలుగడులు:

కార్డుల మీద నాకు గౌరవమే గానీ, 140 దాటాక వెతకడం కష్టమవుతుంది. "ఈ ఏడాది పిచ్ పెంచినవి ఏవేవి" అని కార్డుల పెట్టెని అడిగితే చెప్పదు. నాది మామూలు స్ప్రెడ్‌షీట్, మూడు పేజీలు. ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో పియానోలు, ఒకదాంట్లో పనులు, ఒక్కో పనికి ఒక్కో వరుస. పాత వరుసని ఎప్పుడూ దిద్దను, కొత్త వరుస చేరుస్తాను. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వచ్చేలా రాస్తే వరుసగా పేర్చడం తేలిక. పియానో వాళ్ల కోసమే చేసిన గజెల్ లాంటి సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, కస్టమర్ తానే లింకు నొక్కి టైమ్ పెట్టుకోవచ్చు. ఏది తీసుకున్నా కొనేముందు ఒకటి చూడండి, మీ డేటా అంతా ఒక మామూలు ఫైలుగా బయటికి తీసుకోనిస్తుందా లేదా. తీయనివ్వకపోతే అది ఎంత అందంగా ఉన్నా నేను తీసుకోను. ట్యూన్‌ల్యాబ్, వెరిట్యూనర్ లాంటి ట్యూనింగ్ యాప్‌లు వాడేవాళ్లైతే అవి పియానో పియానోకి విడి ఫైలు దాస్తాయి కదా, దానికి ఇంటిపేరు కాకుండా రికార్డులో ఉన్న అదే సీరియల్ నంబరు పెట్టండి. "పెద్ద హాలు గ్రాండ్ కొత్తది 2" అని పేరు పెట్టినవాణ్ని నేను, ఆ తర్వాత ఆ ఫైలు ఏ పియానోదో తెలుసుకోడానికి పూట పట్టింది.

ఆటోమేటిక్ రిమైండర్ గురించి ఒక అనుభవం. అన్నీ వాటంతటవే వెళ్లిపోయేలా పెట్టి హాయిగా ఉన్నాను కొన్నాళ్లు. ఒక రోజు ఒక మెసేజ్‌కి జవాబొచ్చింది, "ఆయన పోయి నాలుగు నెలలైంది" అని. నా మెసేజ్‌లో ఆయన పేరు పెట్టి, "మీ పియానో మీకోసం ఎదురుచూస్తోంది" అని ఉంది. ఆ వాక్యం రాసుకున్న రోజు భలే ఉందనుకున్నాను. ఆ రోజునుంచి మెసేజ్ తయారు కావడం వరకే మెషీన్ పని, పంపడం నా పని. వారానికి పది పన్నెండు ఉంటాయి, ఒక్కొక్కటీ చదివి, ఇప్పటికే టైమ్ తీసుకున్నారా, పియానో వాళ్ల దగ్గరే ఉందా, ఒద్దన్నారా చూసి పంపిస్తాను. పావుగంట కూడా పట్టదు. ఒద్దన్నవాళ్ల పేరు తీసేయకండి, తీసేస్తే మళ్లీ ఎప్పుడో పొరపాటున ఎక్కించేస్తారు, "పంపవద్దు" అని ఒక గడి పెట్టుకోండి.

ఇంకొక చిక్కు కూడా చెప్పాలి, దీన్ని కనిపెట్టేసరికి నాలుగేళ్లు పోయాయి. రిమైండర్ని "పోయినసారి చేసిన రోజు నుంచి ఆర్నెల్లు" అని లెక్క పెడితే, కస్టమర్ ప్రతిసారీ ఒక నెల ఆలస్యం చేస్తాడు అనుకోండి, తేదీ జరుగుతూ జరుగుతూ వెళ్లి సరిగ్గా వాతావరణం మారే వారాల్లో పడుతుంది. అప్పుడు ట్యూన్ చేస్తే నెలకే పోతుంది, మాట మనకొస్తుంది. వానలు మొదలవడమో, ఇళ్లల్లో హీటర్లు వేయడమో, ఎక్కడ ఏది తేమని మారుస్తుందో అది మొదలై రెండు మూడు వారాలు గడిచాక వెళ్లేలా నెలలు ముందే ఖాయం చేసుకుని, ఆలస్యమైనా తర్వాతి తేదీని మళ్లీ ఆ నెలకే లాగుతాను. ఏడాదికి ఒక్కసారే చేయించేవాళ్లైతే ప్రతి ఏడూ ఒకే కాలంలో.

గేటు కోడ్లు, ఇంట్లో ఎవరూ లేని రోజులు, తాళం ఎక్కడ పెడతారు, ఇలాంటివి మాత్రం ఆ షీట్లో రాయకండి దయచేసి. షీట్ ఎవరికైనా షేర్ చేశామంటే ఇక అంతే.

తొమ్మిదిపియానోలటీచర్:

నేను ట్యూనర్‌ని కాదు, సంగీతం బడిలో తొమ్మిది పియానోల బాధ్యత నా మీద ఉంది, అందుకే అవతలి వైపు నుంచి నాలుగు మాటలు. మీరు పంపే "మీ పియానోకి సర్వీసు టైమ్ అయింది" అనే మెసేజ్ నాకు దేనికీ పనికిరాదండి. తొమ్మిదిట్లో ఏది? గది నంబరు రాస్తారు కొందరు, మేమేమో సెలవుల్లో పియానోలు అటూ ఇటూ జరుపుతాం, మూడో గదిలోది ఇప్పుడు హాల్లో ఉంటుంది. అందుకని ఇప్పుడు మా పియానోలన్నిటికీ లోపలి వైపు ఒక చిన్న నంబరు అతికించాం, ట్యూనరుగారు అదే నంబరుతో రాస్తారు.

రెండోది, మీ రికార్డులో మీకు కనిపించింది ఉంటుంది, మాకు వినిపించింది ఉండదు. పిల్లలు రోజూ వాయిస్తుంటే ఒక కీ అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది, మీరొచ్చిన రోజు అది బుద్ధిమంతుడిలా ఉంటుంది. మేము ప్రతి పియానో దగ్గరా ఒక పుస్తకం పెట్టాం, ఏ కీ, ఏ రోజు, ఏమైంది అని ఎవరైనా రాయొచ్చు. మొదట్లో పిల్లలు బొమ్మలు వేశారు, ఇప్పుడు బాగానే రాస్తున్నారు. ట్యూనరుగారు రాగానే ముందు అది చదువుతారు, చివర్లో దానికిందే జవాబు రాస్తారు. ఆయన ఆఖరిసారి రాసింది, "కీలో తప్పు లేదు, కింద పెన్సిల్ ముక్క ఉంది, తీశాను."

మూడోది, బిల్లు ఆఫీసుకి వెళ్తుంది, అక్కడ ఫైల్లో పడుతుంది, ఏం చేశారో నాకు ఏడాది దాకా తెలియదు. దయచేసి ఒక కాపీ వాయించేవాళ్లకి కూడా పంపండి. మూడు వాక్యాలు చాలు. రిమైండర్ మాత్రం మా కచేరీకి, పరీక్షలకి నెల ముందు రావాలి. కచేరీ అయిన వారానికి వచ్చిన రిమైండర్ ఎంత మర్యాదగా ఉన్నా ఏం లాభం?

కొత్తలివర్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. "చేయనివి కూడా రాయండి" అన్నది చదివి గతుక్కుమన్నాను, సరిగ్గా అలాంటి గొడవ ఒకటి నడుస్తోంది ఇప్పుడు. టీచర్‌గారు చెప్పిన పుస్తకం ఆలోచన మా దగ్గర ఒక చర్చిలో పెట్టించి చూస్తాను.

ఇంకా రెండు అనుమానాలు. రిమైండర్‌కి జవాబు రాకపోతే ఎన్నిసార్లు పంపాలి? మెసేజ్‌లో అసలు ఏం రాయాలి, నేను రాసేవన్నీ బ్యాంకువాళ్ల మెసేజ్‌ల్లా ఉంటున్నాయి.

పాతపిన్ను:

రెండుసార్లు. మొదటిది వెళ్లాల్సిన తేదీకి మూడు వారాల ముందు, రెండోది తేదీ దాటిన రెండు వారాలకి. ఆ తర్వాత ఆపేసి, ఏడాది తిరిగాక ఒక్కసారి పలకరిస్తాను. దానికీ జవాబు లేకపోతే కార్డు వేరే పెట్టెలోకి, చించి పారేయను. ఆరేళ్ల తర్వాత అలాంటి ఒక నంబరు నుంచి ఫోనొచ్చింది, పాత అంకెలు చదివి వినిపిస్తే ఆయన నమ్మలేదు.

అసలు మొట్టమొదటి రోజే అడిగేయండి, "మళ్లీ టైమ్ వచ్చినప్పుడు నేను గుర్తు చేయనా, ఫోన్ చేయనా, మెసేజా" అని. సరేనన్నవాళ్లకే పంపుతాం కాబట్టి వెంటపడినట్టు ఉండదు. చాలామంది గుర్తు చేయమనే అంటారు, వాళ్లకీ మర్చిపోవడం ఇష్టం ఉండదు.

రాసే తీరుకి, బ్యాంకువాడికి మీ పియానో గురించి ఏమీ తెలియదు, మీకు తెలుసు. తేడా అక్కడ చూపించండి. నేను పంపేది ఇలా ఉంటుంది: "నమస్తే అండి, పోయినసారి మీ పియానో మధ్య భాగం 14 సెంట్లు దిగి ఉంటే సరిచేశాను, పై వైపు ఒక కొత్త తీగ వేశాను. ఆ తీగ ఈపాటికి సాగి ఉంటుంది, వచ్చి చూస్తే మంచిది. ఈ నెల మూడో వారంలో మీ వైపు వస్తున్నాను, కుదిరితే చెప్పండి. ఇప్పుడు వద్దనుకుంటే అదైనా చెప్పండి, మళ్లీ ఇబ్బంది పెట్టను." భయపెట్టే మాటలు వద్దు. "ఇప్పుడు చేయించకపోతే పియానో పాడైపోతుంది" అని రాసేవాళ్లున్నారు, ఆర్నెల్లు ఆలస్యమైతే ఏ పియానో కూలిపోదు, మళ్లీ పిచ్ పెంచాల్సి వస్తే రెండుసార్లు తిరగాల్సొస్తుంది, అంతే.

వరుసలుగడులు:

దీనికి ఒకటి చేర్చాలి, పియానో లోపల తేమ నియంత్రణ పరికరం (డ్యాంప్‌చేజర్ లాంటిది) ఉంటే దానికి వేరే తేదీ పెట్టుకోండి, ట్యూనింగ్ తేదీతో కలపొద్దు. నీళ్లు పోయడం కస్టమర్ పని, పసుపు లైటు వెలిగితే పోస్తారు. లోపల నీళ్లు పీల్చే ప్యాడ్లు గట్టిపడిపోయాక మార్చడం మనది, వాడకాన్ని బట్టి ఆర్నెల్లకో ఏడాదికో. పోయినసారి ప్యాడ్లు ఎలా ఉన్నాయో రాసుకుంటే అది కూడా తెలిసిపోతుంది. ఒకచోట లైట్లు ఆరిపోయి ఉన్నాయి, ఊడుస్తూ ఎవరో ప్లగ్ తీసేశారు, ఎన్నాళ్లైందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నా షీట్లో "ప్లగ్ ఉందా" అని కూడా ఒక గడి ఉంది.

కొత్తలివర్:

ఈరోజు మొదటిసారి ఇవన్నీ పాటించి ఒక అప్‌రైట్ చేసొచ్చాను. కార్డులే మొదలుపెట్టాను, రాత్రికి షీట్లో ఎక్కిస్తాను, చూద్దాం ఎన్నాళ్లు సాగుతుందో. బాస్ 5 సెంట్లు కింద, టెనర్ మొదట్లో 23 కింద, ఏ4 12 కింద, దాని పై ఆక్టేవ్‌లో 9 కింద, చివరి ఆక్టేవ్‌లో 15 కింద. తేమ 38 శాతం. పాతపిన్నుగారు చెప్పిన తీరు మొదటి పియానోలోనే కనిపించింది, ఒంటరిగా జారిన తీగ ఒక్కటీ లేదు. ఇంటాయన "పోయిన ఏడాదే చేయించామండి, ఇంతలో ఎలా పోయింది" అన్నారు. సరే అని మొదటి కీ బయటికి తీసి చూశాను, కార్డుపెట్టెగారి మాట గుర్తొచ్చి. పక్క చెక్క మీద పెన్సిల్‌తో అయిదు తేదీలున్నాయి, అయిదూ ఒకే చేతిరాత. చివరిది ఏడేళ్ల కిందటిది.

ఆయనకి చూపించాను. కాసేపు చూసి, "అప్పుడే ఏడేళ్లా" అన్నారు. మూత వేయకముందే తర్వాతి తేదీ రాసేశాను, ఆరు వారాలు.

కార్డుపెట్టె:

ఆ తేదీల ఫొటో తీసి రికార్డులో పెట్టుకోండి. కీ తుడిచేటప్పుడు జాగ్రత్త, చెరిపేయకండి, కింద మీది రాయండి.